జపాన్ ముసలాయన

యువరాజ్ బండికి స్టాండు కూడా సరిగ్గా వేయకుండా లోపలికి వచ్చి, చేతిలో ఉన్న రాగి కాయిలును మగ్గం గుంత పక్కన నేల మీదికి విసిరాడు. అది దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి ఆగింది. గుంతలో కూర్చుని నేస్తున్న నాగేష్, పోగు నడిపే నాడె పట్టుకుని తలెత్తాడు.

"ఎవురు సుట్టినారు దీన్ని?" అన్నాడు యువరాజ్.

కిటికీ కింద రాట్నం ముందు కూర్చున్న నాగవేణి వెంటనే తల తిప్పలేదు. వరుస మధ్యలో ఆపితే తీగ సడలుతుంది. సడలిన వరుస మీద ఎక్కినదీ సడలుతుంది. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, వెంట్రుకంత తీగను ఎడమచేతి చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నడిపిస్తూ ఆ వరుస కొసదాకా పోయింది. పలుచని కాగితం చుట్టి, అంచు మీద బొటనవేలు అదిమింది. నూరు చుట్లకొకటిగా పక్కన పెట్టుకున్న చింతగింజలను ఒకసారి చూసుకుంది. అప్పుడు లేచింది.

"నేనే సుట్టింటా. ఏమయింది యువరాజూ?"

"ఏమయిందా? ఆదోనిలో జయరాం సార్ ఇంట్లో సుట్టాలంతా కూసోని ఇంటాంటే, పాట నడుమ కుడిపక్క బాక్సు టక్కున మూగపోయింది వదినా. ఆయప్ప పాటను సూల్లేదు, బాక్సును సూల్లేదు. నా మొగం జూసినాడు! కారు కొనేంత దుడ్డు పోసినాడు ఆ యాంప్లిఫయరుకు. నా దగ్గిర టెస్టు జేసినప్పుడు బాగుండె. వేడెక్కే కొద్దీ లోపల యాడో తీగ ఇడిసిపెట్టింది."

యువరాజ్ నాగేష్‌కు చిన్నాయన కొడుకు. ఎమ్మిగనూరు బస్టాండు వెనక ఒక గదిలో కూర్చుని గాజు వాల్వులతో యాంప్లిఫయర్లు కడతాడు. ఆదోనికి, బళ్ళారికి, బెంగళూరుకు అమ్ముతాడు. వాటి లోపల ఇనుప రేకుల మధ్య కూర్చునే రాగి కాయిళ్ళు మాత్రం ఈ వీధిలోనే చుట్టిస్తాడు. నూలు కండెలు చుట్టే రాట్నాలకే చిన్న ఇనుప కడ్డీ తగిలించి ఇచ్చాడు. నూలు వచ్చిన నెలలో మగ్గం ఆడుతుంది, రాని నెలలో ఈ రాగే ఇల్లు నడుపుతుంది.

"తీగ తెగితే కాయిలు పారేసి కొత్తది మొదలుపెట్టమని సెప్పినానా లేదా?"

"సెప్పినావు. అట్లనే జేస్తాండా."

"మల్ల ఇదేంది? సుక్కురారం సాయంత్రానికి కొత్త కాయిలు బిగించి పాడించాల. ఆయప్పకు నచ్చితే సరే. నచ్చకపోతే ఇంగ ఈ వీధికి రాగి రాదు. బెంగళూరులో మిషను ఉండాది. స్విచ్చి ఒత్తి కూసుంటే అదే సుడతాది. నీకూ లేదు, పక్కింటి సుకన్యకూ లేదు, ఎవురికీ లేదు." గుమ్మం దాకా పోయి మళ్ళీ తిరిగాడు. "నీ మింద నమ్మకంతో నేను టెస్టు గూడా ఒక్కసారే జేసినా వదినా. అదీ నా బాధ."

ఆ చివరి మాట అనకుండా పోయి ఉంటే నాగవేణికి కోపం తెచ్చుకునే వీలు ఉండేది.

బండి చప్పుడు వీధి మలుపు తిరిగింది. నాగేష్ నాడె విసిరాడు. మగ్గం మళ్ళీ మొదలైంది.

ఆమె గోడ పక్కన పడ్డ కాయిలును తెచ్చి కిటికీ వెలుగులో పెట్టి, పైకాగితం కొస గోటితో లేపింది. ఒక పొర విప్పి, తీగను వేళ్ళ మధ్య జార్చుకుంటూ పోయింది. కంటికి ఏమీ లేదు. రెండో పొరకూ ఏమీ లేదు. ఆ కింది పొర సగంలో వేలికి ఆవగింజలో సగమంత తగిలింది. మళ్ళీ వెనక్కి జార్చింది. మళ్ళీ తగిలింది. పోగుకు పోగు పెనవేసి, కొసలు కనిపించకుండా లోపలికి తిప్పిన అతుకు. నూలు తెగినప్పుడు వేసే అతుకు. అందులోనూ ఎడమకు తిప్పి వేసింది. ఈ ఇంట్లో ఎడమకు తిప్పేది ఒక్కరే.

"అత్తా!"

వెనక పంచలో చిక్కు నూలు విడదీసుకుంటున్న భాగ్యమ్మ "ఏంమే?" అంది.

"ఈ కాయిలు నువ్వు ముట్టుకున్నావా?"

ముసలమ్మ గోడ పట్టుకుని వచ్చింది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. చూసి ఏం లాభం, ఆమెకు కనిపించేది చూపుతో కాదు. వేళ్ళతో తడిమింది. మొహం విప్పారింది.

"ఓ, ఇదా! నువ్వు బియ్యం తేను డిపోకు పోయింటివే, ఆ పొద్దు. రాట్నం ఊరికే ఉండాది గదా అని నాలుగు సుట్లు ఏస్తి. పుటుక్కున తెగె. అతికితి. ముడి కనపడిందా నీకు?"

"కనపళ్ళేదు. యేలికి తగిలింది."

"కంటికి కనపళ్ళేదు గదా! ఈ వయసులో గూడా." భాగ్యమ్మ నవ్వింది. "మీ మామ ఉండింటే సెప్పుతుండె."

"నవ్వగాకు అత్తా! ఇది నూలు గాదు. ఈ తీగకు పైన రంగు పూసింటారు. ఆ రంగు గోకి, టంకం పెడితేనే కరెంటు పోతాది. నువ్వు రంగు మింద రంగు పెనేస్తే, యాడో ఇంత తగులుకోని కొంచెంసేపు పోతాది, వేడెక్కితే ఇడిసిపెడతాది. ఆదోనిలో వాని పరువు పోయి కూసున్నాది. సుక్కురారం లోపల నేను దీన్ని బాగు సేయకపోతే ఈదిలో అందరికీ పని పోతాది!"

భాగ్యమ్మ నవ్వు ఆపింది. కానీ తప్పు ఎక్కడుందో ఆమెకు అర్థం కాలేదు. పుట్టి బుద్ధి తెలిసినప్పటి నుండి తెగిన పోగు అతకడమే ఆమె చేసిన పని. "తెగితే అతక్కుండా పారేస్తారామ్మే?" అంది మెల్లగా. "అంత కాయిలు. అంత రాగి. పారేస్తారా?"

నాగవేణి తిట్టడానికి నోరు తెరిచి, ఆ మొహం చూసి మూసుకుంది. సాయంత్రం యువరాజ్‌కు ఫోన్ చేసి, "తప్పు నాదే. తెగితే అతికినా. కొత్తది సుడతాండా," అని మాత్రం చెప్పింది.

రెండు రోజులు రాట్నం వదలలేదు. సన్న తీగ కొన్ని పొరలు, దాని మీద లావు తీగ ఒక పొర, మళ్ళీ సన్నది, మళ్ళీ లావుది. ఒకదాని ఒడిలో ఒకటి కూర్చున్నట్టు ఎక్కాలి. పొర కొసకు వచ్చినప్పుడు ఆఖరి నాలుగైదు చుట్లు కిందికి జారాలని చూస్తాయి. అక్కడ ఊపిరి బిగబట్టి వేలితో ఒత్తి పట్టాలి. తీగ రోజూ నడిచే చోట చూపుడువేలి మీద సన్నని గాడి పడిపోయింది. ఆ గాడిలోనే తీగ కుదురుగా నడుస్తుంది. వేరే వేలు పెడితే తప్పుతుంది. అందుకే కూర తరిగేటప్పుడు కూడా ఆ వేలిని కత్తికి దూరంగా పెట్టుకుంటుంది.

గురువారం యువరాజ్ వచ్చి కాయిలును మీటరు పెట్టి చూశాడు. ఒకటికి నాలుగుసార్లు చూశాడు. "బాగుండాది," అన్నాడు. మొహంలో బిగువు కొంచెం సడలింది.

"నేనూ వస్తా ఆదోనికి," అంది నాగవేణి.

"నువ్వేంటికి?"

"ఇన్ని కాయిళ్ళు సుట్టినా. ఒక్కటన్నా పాడేది ఇన్నానా? నీ గదిలో యాపొద్దూ అవి తలకాయి లేని పెట్టెలే. కట్టేది ఆలస్యం, మూటగట్టి బస్సెక్కిస్తావు."

"వదినా, అది పెద్దోళ్ళ ఇల్లు..."

"బిగించేటప్పుడు కొస తీగ తెగితే? నువ్వు అతుకుతావా? అప్పుడు మల్ల ఆయప్ప నీ మొగం జూస్తాడు."

యువరాజ్‌కు ఆ మాట గుచ్చుకుంది. కాసేపు తల గోక్కున్నాడు. "సరే రా. కానీ ఆడ నోరు తెరవగాకు. మా వదిన, టవునులో పనుండి వచ్చింది అని సెప్తా. ఏమడిగినా తెల్దని సెప్పు."

"నాకు తెల్సిందేముందిలేప్పా సెప్పేదానికి," అంది నాగవేణి. అప్పటికి ఆమె నిజంగానే అలా అనుకుంది.

శుక్రవారం యువరాజ్ సామాన్ల సంచితో బండి మీద ముందుగా పోయాడు. నాగవేణి కాయిలును పాత చీర ముక్కలో పొదిగి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. పక్క సీటు ఆమె చాలాసేపు చూసి, "ఎన్ని నెలల బిడ్డమ్మా? ఒక్కసారన్నా ఏడవలేదే!" అంది.

"ఈడ ఏడ్సకపోయినా పర్వాలేదక్కా. ఆదోనిలో పాడితే సాలు."

పక్క సీటు ఆమె కొంచెం జరిగి కూర్చుంది.

ఆదోని దగ్గరపడే కొద్దీ పత్తి ట్రాక్టర్లు రోడ్డుకు ఒక పక్క బారులు తీరి ఉన్నాయి. ముళ్ళచెట్లకు, కరెంటు తీగలకు దూది పీలికలు వేలాడుతున్నాయి. జయరాం జిన్నింగు మిల్లు దాటాక వెనకే ఇల్లు. పాట వినే గది మేడ మీద. నాగవేణి మెట్లెక్కి గుమ్మంలో చెప్పులు విడిచేసరికి యువరాజ్ నేల మీద కూర్చుని యాంప్లిఫయరు అడుగు రేకు విప్పుతున్నాడు. మందమైన తెరలు, మెత్తని తివాచీ. తలుపు మూయగానే మిల్లు రొద కోసేసినట్టు ఆగింది.

జయరాం సోఫాలో ఉన్నాడు. నెత్తి తెల్లబడిన, నెమ్మదైన మనిషి. పక్కన ఆయన స్నేహితుడు రవికుమార్, కాలేజీలో లెక్చరరు.

"మా వదిన సార్. టవునులో పనుంటే వచ్చింది," అన్నాడు యువరాజ్ తలెత్తకుండా.

"కూర్చోమ్మా," అన్నాడు జయరాం. కుర్చీ ఎక్కడా చూపలేదు. నాగవేణి తలుపు పక్కన తివాచీ అంచు మీద కూర్చుంది. మూట విప్పి కాయిలు అందిస్తే, కొరియరులో వచ్చిన సామాను తీసుకున్నట్టు యువరాజ్ తీసుకున్నాడు.

"ఒరే జయరాం, ఇప్పటికైనా ఒప్పుకో," అన్నాడు రవికుమార్. "ఈ రేటుకు మా ఊళ్ళో ఇల్లు కట్టుకోవచ్చు. నా దగ్గరుండే పెట్టె, ఆన్‌లైన్లో తెప్పించింది, ఇదే పాట పాడతాది. గొంతు మారదు, మాట మారదు. దేనికిరా అంత పోసినావు?"

"చేతికిరా. చేతికి పోసినా." జయరాం ముందుకు వంగాడు. "మిషను చుట్టింది నీకు వంద దొరుకుతాయి. మనిషి కూర్చుని, మనసు పెట్టి చుట్టింది వేరే. చెప్పప్పా యువరాజ్, ఆ జపాన్ ముసలాయన సంగతి వీనికి చెప్పు."

యువరాజ్ చేతిలో స్క్రూడ్రైవరు ఒక్క క్షణం ఆగింది. నాగవేణి వైపు చూడలేదు.

"ఏముంది సార్. మీకు తెలిసిందే కదా."

"వీనికి తెలీదు. చెప్పు."

"ఎనభై ఏండ్ల మనిషి సార్," అన్నాడు యువరాజ్, రేకుతో మాట్లాడుతున్నట్టు. "కొండల్లో చిన్న ఊరు. మిషను ముట్టడు. చేత్తోనే చక్రం తిప్పుతాడు. పొద్దున తానం చేసి, చక్రానికి దండం పెట్టుకుని కూర్చుంటే, వరుస ముగిసేదాకా ఎవరు పిలిచినా పలకడు. వరుస కొసకు వచ్చినప్పుడు ఊపిరి బిగబడతాడు. తీగ నడిచి నడిచి ఆయన వేలికి గాడి పడిపోయింది సార్."

"విన్నావా?" అన్నాడు జయరాం. "వేలికి గాడి. దానికి రేటు కడతావా నువ్వు?"

నాగవేణికి మొదట నవ్వు వచ్చింది. తర్వాత ఆ నవ్వు పోయింది. చక్రానికి దండం పెట్టుకునేది అత్త. పిలిస్తే పలకనిది తను. ఊపిరి తనది. వాడు వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర నిలబడి కాఫీ తాగుతూ చూసేది కాయిలు ఎంత వరకు అయిందని కాదు, ఇదీ. ఒక్కొక్కటీ ఏరుకుని పోయి, ఈ మేడ మీద గడ్డం అతికించి, జపాన్‌లో కూర్చోబెట్టాడు. చివరికి తన వేలు కూడా కోసుకుపోయి ఆ ముసలాయనకు పెట్టాడు.

ఎడమచేతిని కొంగు కిందికి లాక్కుంది. ఎందుకు లాక్కుందో ఆమెకే తెలియలేదు. అలా దాచుకున్నందుకు మరింత మండింది.

కాయిలు బిగించడం అయింది. గాజు వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. రవికుమార్ లేచాడు. "ఉండు. కళ్ళు మూసుకో. నీ పాత పెట్టె ఒకసారి, ఇది ఒకసారి, సౌండు సమానంగా పెట్టి నేను మారుస్తా. ఏది ఏదో చెప్పు. తప్పు చెప్తే నా మాట ఒప్పుకోవాల."

"కానీ."

జయరాం కళ్ళు మూసుకున్నాడు. రవికుమార్ తీగలు మారుస్తూ పోయాడు. ఎవరో ఆడమనిషి పాత పాట, పక్కన ఒక్క వీణ. ఒకసారి బాక్సుల్లో నుండి వచ్చింది. మళ్ళీ మార్చినప్పుడు బాక్సులు లేవు, ఆ మనిషే వచ్చి తివాచీ మీద కూర్చుంది. పల్లవికి ముందు ఆమె తీసుకున్న చిన్న ఊపిరి నాగవేణి చెవికి తగిలింది. పాట కంటే ముందు ఊపిరి.

"ఇది," అన్నాడు జయరాం కళ్ళు తెరవకుండా.

రవికుమార్ ఇంకోసారి మార్చాడు. మార్చినట్టు చేసి మార్చకుండా కూడా ఉంచాడు. ఏమి చేసినా జయరాం తప్పలేదు. "ఇది కాదు... కాదు... ఇది. ఇదే. ఊపిరి వినపడతాంది చూడు."

రవికుమార్ చేతులెత్తాడు. "ఒప్పుకుంటినిరా. ఏదో ఉంది. నాకూ తెలిసింది."

యువరాజ్ మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. జయరాం కళ్ళు తెరిచాడు. తడిగా ఉన్నాయి. ఆ సంతోషంలో గదిలో ఉన్న అందరినీ చూశాడు, తలుపు పక్కన మనిషిని కూడా.

"నీకేమన్నా తెలిసిందామ్మా తేడా?"

తెలీదని చెప్పాలి. అదీ ఒప్పందం. యువరాజ్ చూపు ఆమె మీదికి వచ్చి, వద్దన్నట్టు నిలిచింది. వీధిలో ఎన్ని రాట్నాలు ఈ ఒక్క మాట మీద ఉన్నాయో ఆమెకు తెలుసు. ఒక్క మాట. తెల్దు సార్. అంతే.

"తెలిసింది సార్. ఊపిరి నాకూ ఇనపడింది," అంది నాగవేణి. "సుట్టింది నేనే గదా."

"ఏంది?"

ఆమె లేచి నిలబడింది. కొంగు కింద నుండి చెయ్యి తీసి చూపుడువేలు ముందుకు చాపింది. "ఆ ముసలాయన ఎవురో నాకు తెల్దు సార్. ఇది ఎమ్మిగనూరులో సుట్టింది. రెండు కాయిళ్ళూ నేనే సుట్టినా. పాడైపోయినదీ మా ఇంట్లోదే."

గదిలో పాట మాత్రం నడుస్తోంది. జయరాం ఆ వేలి వైపు చూశాడు. దగ్గరికి రాలేదు. కొంచెం సేపటి కిందట రేటు కట్టలేనన్న గాడి అడుగు దూరంలో ఉంటే, కింద పడ్డ సామాను ఎవరిదో అన్నట్టు చూశాడు.

"నిజమా యువరాజ్?"

"అంటే సార్... పైపైన కొంచెం పని ఈడ చేపిస్తా... డిజైను మాత్రం..."

"నిజమా?"

యువరాజ్ తల దించుకున్నాడు.

జయరాం సోఫాలో వెనక్కి వాలాడు. పాట మళ్ళీ మొదటి నుండి పెట్టాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. వేళ్ళతో సోఫా చేతిని తడుతూ విన్నాడు. పల్లవి సగం కాకముందే చెయ్యి ఎత్తాడు.

"ఇదిగో. ఇక్కడ. గరగరమంటాంది. విన్నావా రవీ?"

"నాకేం వినపళ్ళేదే."

"లేదులే, నీకు తెలీదు. వీణ మీద ఒక పొర మాదిరి కప్పినట్టుంది. మొదటి నుండీ నాకు అనుమానమే. ఏదో ఎక్కడో తేలిపోతాంది అనుకుంటానే ఉన్నా. ఇప్పుడర్థమయింది."

"సార్, ఇప్పుడే గదా కండ్లు మూసుకొని ఇదే ఇదే అన్న్యారు!" నాగవేణి గొంతు ఆమెకే పెద్దగా వినిపించింది. "కండ్లు తెరిస్తే సెవులు మారతాయా సార్?"

"అమ్మా, నీకు ఇవి తెలియవు," అన్నాడు జయరాం. కోపంగా కాదు, నెమ్మదిగా, మర్యాదగా. అది ఇంకా అన్యాయంగా ఉంది. "యువరాజ్, నేను ఆలోచించి ఫోన్ చేస్తా. కింద పిల్లలు టీ ఇస్తారు, తాగి వెళ్ళండి."

గేటు బయట యువరాజ్ బండి స్టార్టు చేసి, ఆపి, దిగి వచ్చాడు. "నీకేం వచ్చింది వదినా? ఆయప్ప ఏడుస్తాండె సంతోషంతో! ఒక్క మాట మింగింటే ఏమయితుండె? నా కడుపు మింద కొట్టినావు. నీ కడుపు మింద గూడా కొట్టుకున్నావు."

"నా యేలు తీసకపోయి ఎవునికో పెట్టినావు. దాన్ని అడిగినావా నన్ను?"

"యేలా? దాంతో యాపారం జేసినా! ఎమ్మిగనూరు రాట్నం మింద సుట్టింది అని సెప్తే ఎవుడు కొంటాడు? కారు రేటు గాదు, సైకిలు రేటు ఇయ్యరు. ఇప్పుడు సూసినావు గదా కండ్లారా!"

చూసింది. వాడు బండి మీద పోయాడు. ఆమె పత్తి ట్రాక్టర్ల పక్కన నడిచి బస్టాండుకు చేరింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పినప్పుడు నాగేష్ ముద్ద కలుపుతున్నాడు. "తెల్దు అనింటే సరిపోతుండె," అన్నాడు. "నూలు మల్ల ఎప్పుడిస్తారో సొసైటీకే తెల్దు." అంతకు మించి ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెను రాత్రంతా కొట్టింది. పొద్దున సుకన్య నీళ్ళకు పోతూ గుమ్మం దగ్గర ఆగి, "రాగి రాదంటనా అక్కా?" అని అడిగితే, "తెల్దు" అంది. ఆ మాట ఇప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో.

ఆదివారం మధ్యాహ్నం యువరాజ్ వచ్చాడు. ఈసారి బండికి స్టాండు సరిగ్గా వేశాడు. భుజం మీద కొత్త రాగి తీగ ఉండ. మొహంలో కోపం లేదు; బేరం ముగించుకొచ్చిన నిమ్మళం ఉంది.

"వదినా, కాపీ పెట్టు. పని పోలేదు."

నాగవేణి రాట్నం దగ్గర నుండి లేవలేదు. "ఏమంట?"

"జయరాం సార్ ఫోన్ జేసినాడు. పెట్టుకుంటాడంట యాంప్లిఫయరు. రాత్రింబగళ్ళు అదే ఇంటాండాడంట."

"గరగర?"

"గరగర లేదు, గాడిదగుడ్డు లేదు. సౌండు బాగుందనే సెప్పినాడు." యువరాజ్ ఉండ దించాడు. "కానీ రేటు ఎమ్మిగనూరు రేటుకు రావాలంట. జపాన్ గాదు గదా అని. సగం ఎనక్కి ఇయ్యమన్న్యాడు. ఇస్తానంటి. ఏం జేస్తా మల్ల?"

"పాట మారలేదు."

"మారలేదు."

"కాయిలు మారలేదు."

"అదే కాయిలు. సెప్తాండా గదా."

"మల్ల ఏం మారింది యువరాజూ?"

"నువ్వు నోరు తెరిసినావు. అదే మారింది." వాడు నవ్వాడు, తేల్చేద్దామన్నట్టు. "పోనీలే. బెంగళూరోళ్ళకు ముసలాయన ఉండనే ఉండాడు. కానీ ఈ దెబ్బ నేనొక్కడే మొయ్యలేను వదినా. ఇంగ మింద కాయిలుకు నీకిచ్చేది గూడా సగం జేస్తేనే నాకు గిట్టేది. నువ్వు తెచ్చిందే గదా ఇది? నువ్వూ కొంచెం మొయ్యాల."

భాగ్యమ్మ వెనక పంచలో నుండి, "ఏందిరా సగం?" అని కేక వేసింది.

నాగవేణి రాట్నం మీద సగం చుట్టిన కాయిలును చూసింది. పక్కన చింతగింజలు. ఆమె వాటిని అరచేత్తో ఒక్కసారి తుడిచి నేల మీదికి నెట్టింది. తీగ కొస పట్టుకుని లాగింది. చక్రం వెనక్కి తిరిగింది. రాగి నేల మీదికి వంపులు వంపులుగా దిగడం మొదలైంది.

"ఏం జేస్తాండావు?"

"నీ రాగి నీకిస్తాండా."

"వదినా, అది సగం అయిన కాయిలు!"

"సగమే గదా నువ్వు ఇచ్చేది." చక్రం ఆగలేదు. "తీగ నీది. కాగితం నీది. కడ్డీ నీది. అన్నీ తూకం ఏసి తీసకపో. సుట్టు ఒక్కటే నాది. అది నా దగ్గిర పెట్టుకుంటా."

"పిచ్చి పట్టిందా? సుట్టును యాడ పెట్టుకుంటావు? రాగి నలిగితే మల్ల పనికిరాదు వదినా! ఆపు!" వాడు వంగి కింద పడుతున్న తీగను పోగు చేయబోయాడు. అది వేళ్ళ సందుల్లో నుండి ఎగిరి మెలి తిరిగింది. ఒక చోట లాగితే ఇంకో చోట ముడిపడింది. "నువ్వు కాకపోతే సుకన్య సుడతాది. ఈది నిండా రాట్నాలే!"

"అడుగు పో. అట్లనే నువ్వు అమ్మే కారు రేటు గూడా దానికి సెప్పు పో."

కాయిలు అయిపోయింది. ఖాళీ అట్ట బాబిను కడ్డీ మీద వదులుగా తిరిగి ఆగింది. నాగవేణి తలెత్తి గూటి వైపు చూసింది. బెంగళూరుకు పోవలసిన కాయిళ్ళు పైగూట్లో వరుసగా ఉన్నాయి, గుడ్డ కప్పి. వాటి మీద యువరాజ్ చూపు కూడా అదే క్షణంలో పడింది.

"అవి ముట్టుకోగాకు వదినా. వాళ్ళకు నేను మాట ఇచ్చినా. అవి గనక..." వాడు గూటి వైపు అడుగు వేశాడు.

మగ్గం చప్పుడు ఆగింది. నాగేష్ గుంతలో నుండి పైకి వచ్చి, మోకాళ్ళు పట్టుకుని నిదానంగా నిలబడ్డాడు. తమ్ముణ్ణి దాటుకుని గూటి దగ్గరికి పోయాడు. గుడ్డ తీసి మడిచి భుజాన వేసుకున్నాడు.

యువరాజ్ ఊపిరి పీల్చుకున్నాడు. "అట్ల సెప్పన్నా నీ పెండ్లానికి."

నాగేష్ మొదటి కాయిలు తీసుకున్నాడు. ఎప్పుడూ ముట్టని వస్తువును పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని, బరువు చూశాడు. వచ్చి భార్య పక్కన గొంతుక్కూర్చుని, ఖాళీ బాబిను కడ్డీలో నుండి లాగేసి, ఆ నిండు కాయిలును ఎక్కించాడు.

"కొస యాడుండాదిమే?" అని అడిగాడు.

నాగవేణి గోటితో కొస లేపి ఆయన చేతికిచ్చింది.